మడ్గార్డుల చాచా

ఆయన పోయిన సంగతి నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. సిరిసిల్లలో మా ఆరోగ్య కేంద్రానికి బుధవారం టీకాల కోసం వచ్చిన తల్లుల వరుసలో ఒక అమ్మాయి, చంకలో మూడు నెలల పాపతో, చాలాసేపు నన్నే చూస్తూ నిలబడింది. వంతు వచ్చాక అడిగింది, నేను ఒకప్పుడు కోరుట్ల దిక్కు మోటర్‌సైకిలు నడిపిన నర్సమ్మనేనా అని. అవునన్నాను. తన పుట్టిల్లు కోరుట్లేనట, చాచా ఇంటికి రెండిళ్ల అవతల. చాచా ఎట్లున్నాడని నేను అడిగేలోపే తనే చెప్పింది, ఎండాకాలం ముందు పోయాడని. పెద్ద జబ్బేమీ లేదట. రెండు రోజులు జ్వరం, మూడో రోజు లేవలేదట.

నేను పాప తొడ దూదితో తుడిచి, సూది వేసి, కార్డు మీద తేదీ రాసి, తర్వాతి బిడ్డను పిలిచాను. వరుస అయిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం ముందర పెట్టుకున్నాక గానీ ఏడుపు రాలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ కోరుట్లలో ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ ఆయన మడ్గార్డుల చాచా. నాకూ అంతే. అందుకని ఇక్కడ కూడా పేరు రాయడం లేదు.

అప్పట్లో నాకు ముప్ఫై అయిదేళ్లు. కోరుట్లకు ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న ఉపకేంద్రంలో నర్సును. నా కింద నాలుగు ఊళ్లు. మా ఆయన మస్కట్‌లో పని చేసేవాడు. పోయేటప్పుడు తన మోటర్‌సైకిలును పరదా కప్పి వాకిట్లో పెట్టి పోయాడు. ఊళ్లకు రోజుకు రెండే బస్సులు. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక ఆ రెండూ నమ్మకం లేకుండా పోయాయి. ఒకనాడు రాస్తారోకో, ఒకనాడు బంద్, ఒకనాడు ఏమీ లేకపోయినా బస్సు రాదు. టీకాల డబ్బాలో మంచు కరుగుతుంటే బస్సు కోసం రోడ్డు మీద నిలబడి, ఒక బుధవారం నేను డబ్బాను నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్లు నడిచాను. ఆ ఆదివారమే మా తమ్ముణ్ని పిలిపించి, బడి మైదానంలో మోటర్‌సైకిలు నేర్చుకున్నాను. చీర వదిలి చుడీదారు వేసుకున్నాను. ఊళ్లో కొన్నాళ్లు నవ్వారు. పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడు ఆ బండి చప్పుడు కోసమే ఎదురుచూడడం మొదలయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది.

బండి మాత్రం నాలుగేళ్లు కదలకుండా ఉండడంతో వెనక మడ్గార్డు లోపలి నుంచి తుప్పు తినేసింది. పైన రంగు బాగానే ఉంది. వేలు పెడితే లోపలికి పోయింది. జగిత్యాల పోయి సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఆ మోడలు కంపెనీ ఆపేసిందన్నారు. దుకాణం చూరు నుంచి రకరకాల మడ్గార్డులు వేలాడుతున్నాయి. మెరిసేవి, పొట్టివి, చేప తోకలా చీలినవి. దుకాణంవాడు నన్ను ఒకసారి, బండిని ఒకసారి చూసి, నల్లటి ప్లాస్టిక్‌ది ఒకటి తీసి బిగించాడు. ఇది తేలిక, చూడ్డానికీ బాగుంటుందన్నాడు. తొలి వానలకు నెల తిరక్కుండానే అది నడుమ చీలింది. టీకాల డబ్బాను నేను వెనక కట్టేదాన్ని. గుంతల్లో ఆ బరువు ఎగిరెగిరి పడితే ప్లాస్టిక్ ఏం ఆగుతుంది? మళ్లీ జగిత్యాల పోతే అక్కడి ముసలి మెకానిక్ ఒకాయన చూసి, ఇది నా వల్ల కాదు, కోరుట్ల బస్టాండు వెనక సందులో చాచా ఉంటాడు, ఆయన్ని అడుగు, తిడితే పట్టించుకోకు అన్నాడు.

సందులో బోర్డేమీ లేదు. ఒక తీగ మీద పాత మడ్గార్డులు అయిదారు వేలాడుతుంటే అదే దుకాణమని తెలుసుకున్నాను. పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం. ఏళ్ల తరబడి రేకు కొట్టడంతో చెవులు మందగించాయి. ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేట్టు మాట్లాడితేనే జవాబిచ్చేవాడు. లేకపోతే తన పని తను చేసుకునేవాడు. గర్విష్ఠి అనుకునేవాళ్లు కొత్తవాళ్లు. నేను కూడా మొదట అట్లాగే అనుకున్నాను.

ఆయన లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు, "గీ బండి ఎవలు నడుపుతరు?"

ఆ ప్రశ్న అప్పటికి నేను వందసార్లు విన్నాను. పోలీసులు అడిగారు, పెట్రోలు బంకులో అడిగారు, మా మేనమామ అడిగాడు. అందుకని కొంచెం కటువుగానే జవాబిచ్చాను.

"నేనే నడుపుత. ఎందుకు?"

"ఎత్తు సూడాలె గద నర్సమ్మా," అన్నాడు ఆయన. "మొగోడు కూసుంటే ఒక తీరు దిగుతది బండి. నువ్వు కూసుంటే ఒక తీరు దిగుతది. ఎక్కి కూసో."

కూర్చున్నాను. ఆయన నన్ను చూడలేదు. వెనక చక్రం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, బండి ఎంత దిగిందో వేళ్లతో కొలిచాడు. టీకాల డబ్బా కట్టమన్నాడు. కట్టాక మళ్లీ కొలిచాడు. డబ్బాలో ఏముందని అడిగాడు. చెప్పాను. ఎండలో రేకు కాలితే ఆ వేడి డబ్బాకు తగులుతుందా అని అడిగాడు. ఆ మాట నాకు మా డాక్టరు కూడా ఎప్పుడూ అడగలేదు. తగులుతుందన్నాను. తల ఊపాడు. ఆ తర్వాత ప్లాస్టిక్ మడ్గార్డు లోపలి వైపు గోటితో గీకి, వచ్చిన మట్టిని బొటనవేలితో నలిపి చూశాడు.

అది ఆయన అలవాటు. ఏ బండి వచ్చినా మొదట ఆ మట్టిని నలిపేవాడు. కొడిమ్యాల దిక్కు ఎర్ర చెల్క మట్టి అయితే, అది ఎండితే రాలిపోతుంది, రేకు చక్రానికి దగ్గరగా ఉన్నా పరవాలేదు. నల్లరేగడి అయితే బంకలా పట్టుకుని, పొర మీద పొర పేరుకుని, చివరికి చక్రాన్నే ఆపేస్తుంది. దానికి మూడు వేళ్ల సందు వదలాలి. మల్యాల మట్టిలో ఇసుక ఎక్కువ, అది రేకును లోపలి నుంచి అరగదీస్తుంది. చందుర్తి దిక్కు గులకరాళ్లు ఎగిరి తగులుతాయి, అక్కడివాళ్లకు మందం రేకు. నా మట్టిని నలిపి, నేను ఏయే ఊళ్లకు తిరుగుతానో నాలుగింటిలో మూడు సరిగ్గా చెప్పాడు. నాలుగోది తప్పు చెప్పాడు. తప్పని నేనంటే ఒప్పుకోలేదు. నువ్వు ఆ ఊరికి సరిగ్గా పోతున్నట్టు లేదు, పోతే మట్టి అంటేది అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ నెల నేను ఆ ఊరికి ఒకేసారి పోయాను.

గురువారం రమ్మన్నాడు. గురువారం పోతే కాలేదు. సోమవారం పోతే, సగం అయినదాన్ని కత్తెరతో ముక్కలు చేసి మూలన పడేశాడు. నాకు కోపం వచ్చింది. సెలవు పెట్టుకుని వచ్చినదాన్ని. గట్టిగా అడిగితే ఆయన తాపీగా ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి, అంచు మీద వేలు తిప్పమన్నాడు. కోసుకుంది. పాత నూనె డ్రమ్ముల రేకు వాడేవాడు ఆయన. కొత్త రేకు మెత్తగా ఉంటుందని ఆయనకు నచ్చేది కాదు. ఆ డ్రమ్ము రేకు మొండిది, అంచు తీగ మీద సరిగ్గా మడత పడలేదు, నీ బట్ట చిరిగేది, లేకపోతే నీ కాలు చీరేది అన్నాడు. అంచులోపల తీగ పెట్టి రేకును దాని మీదకు మడిస్తే అది కోసుకోదు, వంగదు కూడా. ఆ మడత చెక్క సుత్తితో జానెడు జానెడు కొట్టుకుంటూ పోవాలి. తొందరపడితే చీలుతుంది. ఆయన తొందరపడేవాడు కాదు. దానివల్ల చాలామంది ఆయన్ని తిట్టుకుంటూ తిరిగేవాళ్లు. చెప్పిన రోజుకు పని ఇచ్చినట్టు ఎవరి నోటా నేను వినలేదు.

మూడోసారి పోయినప్పుడు మడ్గార్డు బిగించి ఉంది. ఎర్ర రంగు పూసి, ఆరబెట్టి, పైన నల్ల రంగు వేశాడు. డబ్బా కూర్చునే చోట రేకు మీద రెండు ఇనుప పట్టీలు ఎత్తుగా బిగించి, కింద గాలి ఆడేట్టు చేశాడు. చక్రం వెనక చివర లారీ ట్యూబు రబ్బరు కట్టాడు. నేను తాళం కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ఆగు అన్నాడు.

దుకాణంలో ఒక మేకుకు, ప్లాస్టిక్ సంచి తొడిగి, తెల్ల లాల్చీ పైజామా వేలాడుతుంటాయి. ఆయన లోపలికి పోయి అవి తొడుక్కుని వచ్చాడు. సందు మొదట్లో ఒక పల్లం ఉంది. దాంట్లో రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించాడు. దాని వెనక ఆరడుగుల దూరంలో నిలబడి, నడుపు అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎదురు దుకాణం ఆమె నవ్వుతూ చెప్పింది, నడుపు నర్సమ్మా, చాచాకు అది అలవాటు అని. నేను బురద నీళ్లలోంచి బండి పోనిచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన లాల్చీ ముందు భాగం రెండు చేతులతో పట్టుకుని, చూపు మందగించిన కళ్లకు దగ్గరగా తెచ్చుకుని, అంగుళం అంగుళం వెతుకుతున్నాడు. ఒక చుక్క కనబడినా ఆ మడ్గార్డు విప్పేవాడట. నా దానికి చుక్క లేదు. అప్పుడు తాళం ఇచ్చాడు.

దీని వెనక కథ ఒకటుంది. ఆయన ఒక్కసారే చెప్పాడు, అదీ ఒక్క ముక్కలో. తన అన్న చనిపోతే జనాజాకు, అంటే శవయాత్రకు, పోతుంటే ఒక మడ్గార్డు లేని బండి బురద చల్లుకుంటూ పక్క నుంచి పోయింది. బట్టలు మార్చుకోవడానికి ఇంటికి తిరిగి పోయి వచ్చేసరికి నమాజు అయిపోయింది. అంతే చెప్పి సుత్తి అందుకున్నాడు.

ఆ రోజుల్లో కుర్రవాళ్లకు వెనక మడ్గార్డు సగానికి కోయించుకోవడం షోకు. ఒకడు నా ఎదురుగానే వచ్చి, పొట్టిగా చేసివ్వమన్నాడు. నడిపేది నేను, నాకు బెత్తెడు చాలన్నాడు. చాచా లేవలేదు. "నీకు అక్కెర లేదు, నాకెరుకే," అన్నాడు. "నీ ఎనక అచ్చెటోళ్లకు అక్కెర. వాళ్లను తోల్కరా, కొలత తీస్త." ఆ పిల్లవాడు గొణుక్కుంటూ పోయాడు. చాచాకు ఒక బేరం పోయింది. అట్లా ఎన్నో పోగొట్టుకున్నాడు.

తమాషా ఏమిటంటే, ఆయనకు జీవితంలో మోటర్‌సైకిలు లేదు. నడపడం కూడా రాదు. సైకిలు తొక్కేవాడు. దాని వెనక మడ్గార్డు మీద 'జై తెలంగాణ' అని తెలుగులో ఒక పక్క, ఉర్దూలో ఒక పక్క రాయించుకున్నాడు. నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకుంటున్న కాలం అది. అట్లా రాసుకున్న బండ్లను పోలీసులు ఆపేవాళ్లు. చాచా ఒక ఉపాయం చేశాడు. తన చేతి నుంచి పోయే ప్రతి మడ్గార్డు లోపలి వైపు, చక్రానికి తప్ప ఎవరికీ కనబడని చోట, మేకుతో చుక్కలు చుక్కలుగా ఆ రెండు అక్షరాలు కొట్టేవాడు. ఆయనకు ఇంగ్లీషులో వచ్చినవి ఆ రెండే. మొదటి ఉద్యమం నాటికి ఆయనకు పదహారేళ్లట. ఊరేగింపులో దెబ్బలు తిని, పని నేర్పిన ఉస్తాదు దుకాణంలో రేకుల చాటున రెండు రోజులు దాక్కున్నాడట. అందుకని ఈసారి ఉద్యమం వచ్చినప్పుడు, పాత చుట్టం చాలా ఏళ్లకు ఇంటికి వచ్చినట్టుగా ఉన్నాడు. బంద్ అంటే అందరికంటే ముందు ఆయన తాళమే పడేది. ఊరి మధ్యలో దీక్షా శిబిరం వేశారు. రోజుకొక రకం పనివాళ్లు వంతుల వారీగా పొద్దంతా ఉపాసం కూర్చునేవాళ్లు. రేకు పనివాళ్లు, మెకానిక్కుల వంతు ఎప్పుడొస్తుందని ఆయన పది రోజుల ముందు నుంచే అడుగుతూ తిరిగాడని తర్వాత విన్నాను.

ఇక ఆ మంగళవారం సంగతి.

సమ్మె మొదలై చాలా రోజులైంది. బస్సులు లేవు. ఆఫీసులు లేవు. టీకాలు తెచ్చే జీపు రెండు వారాలుగా రాలేదు. మా డాక్టరు పిలిచి, బండి ఉన్నదానివి నువ్వే, జగిత్యాల పోయి తెస్తావా అని అడిగాడు. రేపు బుధవారం. నాలుగు ఊళ్లలో తట్టు టీకా వేళ దాటిపోతున్న పిల్లలున్నారు. వాళ్ల పేర్లు నాకు నోటికి వచ్చు. తెస్తానన్నాను. రెండు ఖాళీ డబ్బాలు, మంచు పొట్లాలు కట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. ఎవరో రోడ్డుకు అడ్డంగా తవ్విన కాలువ వాన నీళ్లతో నిండి ఉంటే చూసుకోలేదు. బండి ఎగిరిపడింది. మడ్గార్డును పట్టి ఉంచే కమ్మీ బోల్టు దగ్గర పుటుక్కున తెగి, రేకు చక్రం మీద పడింది. చున్నీ తీసి దాన్ని సీటుకు పైకి లాగి కట్టి, నడక వేగంతో కోరుట్ల చేరాను.

ఊరంతా బంద్. ఒక్క తలుపు తెరిచి లేదు. చాచా దుకాణానికి తాళం. ఎవరినో అడిగితే, ఇవాళ ఆయన శిబిరంలో ఉన్నాడన్నారు.

ఊరి మధ్యలో టెంటు, చాపలు, మైకు. ముందు వరుసలో ఆయన. తెల్ల లాల్చీ, మెడలో బంతిపూల దండ. పెళ్లికొడుకులా కూర్చున్నాడు. నన్ను కాదు, మొదట బండిని చూశాడు. దండ తీయకుండానే లేచి వచ్చాడు.

"ఏడ ఇరిగింది?"

చూపించాను. ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేట్టు, జగిత్యాల పోవాలని, చీకటి పడకముందే తిరిగి రావాలని, రేపు పిల్లలు ఎదురుచూస్తారని చెప్పాను. బంద్ అని తెలిసీ వచ్చానని కూడా అన్నాను. ఆయన తెగిన కమ్మీని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇది నేను చేసింది కాదు, కంపెనీది, అయినా డబ్బా బరువుకు ఇది తెగుతుందని ముందే చూసుకోవాల్సింది అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఇంటికి కబురు పంపాడు. దుకాణం తెరవలేదు. ఇంట్లో ఉన్న పాత సుత్తి, ఒక ఇనుప పట్టీ, గుప్పెడు రివిట్లు బియ్యం సంచిలో వేసుకుని ఆయన భార్య బురఖాలో నడిచి వచ్చింది. ఆయన శిబిరం చాప మీదే, తన చోట్లోనే కూర్చుని, రాయి ఒకటి ముందర పెట్టుకున్నాడు.

అప్పుడు పక్కన కూర్చున్న, శిబిరం చూసుకునే రిటైరు సారు ఒకాయన వంగి మెల్లగా అన్నాడు, "చాచా, ఇయ్యాల బంద్. మనమే పని జేస్తే, రేపు ఇంకొకన్ని ఏమని ఆపుతం?"

సారు మాటలో తప్పేమీ లేదు. ఊరంతా తన కడుపు కట్టుకుని దుకాణాలు మూసుకున్న రోజు. చాచా ఆయన వైపు తిరిగాడు.

"దుకాణం బందే ఉన్నది సార్. తాళం సూసి రాండ్రి. నేను ఉపాసమే ఉన్న. చేతులు బంద్ పెడ్తనని మాత్రం నేను ఎవ్వలకు చెప్పలే."

చాచా కొట్టడం మొదలుపెట్టాడు. మైకులో మాట్లాడుతున్నాయన రెండు దెబ్బల మధ్య ఒక మాట ఇరికించి చూశాడు. కాసేపటికి ఆయన కూడా మైకు కింద పెట్టి వచ్చి చూస్తూ నిలబడ్డాడు. మామూలుగా చాచా రివిట్లు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసేవాడు. ఆ రోజు నోట్లో పెట్టుకోలేదు. భార్య అరచేతిలో పోసి, అక్కడి నుంచి తీసుకున్నాడు. ఉపాసం. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. గంటసేపు పట్టింది. ఒకాయన కెమెరాతో ఫోటోలు తీశాడు.

బిగించడం అయిపోయాక నేను తొందరగా ఎక్కబోయాను. ఆయన నా చెయ్యి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. శిబిరం ముందే వాన నీటి మడుగు ఉంది. పోయి దాని వెనక నిలబడ్డాడు. వద్దు చాచా, ఆలస్యమవుతుంది అన్నాను. వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో.

"నడుపు బిడ్డా," అన్నాడు.

శిబిరమంతా చూస్తుండగా నీళ్లలోంచి పోనిచ్చి ఆగాను. ఆయన లాల్చీని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. అందరూ మెడలు చాచి చూశారు. ఛాతీ మీద ఒక మరక దొరికింది. వేలితో రుద్ది, వాసన చూసి, అది బంతిపువ్వు రంగని చెప్పాడు. అప్పుడు అందరూ నవ్విన నవ్వుకు టెంటు కదిలిందనిపించింది. సారు కూడా నవ్వాడు. ఆయనే తెల్ల కాగితం మీద, ఇది టీకాల బండి, దారి విడవండి అని రాసి, కింద శిబిరం తరఫున సంతకం చేసి ఇచ్చాడు. జగిత్యాల దారిలో మూడు చోట్ల ఆపారు. మూడు చోట్లా ఆ కాగితం చూసి వదిలారు. దీపాలు పెట్టే వేళకు మంచు డబ్బాలతో తిరిగి వచ్చాను. మర్నాడు నాలుగు ఊళ్లూ తిరిగాను. నా జాబితాలో ఒక్క పేరు కూడా మిగల్లేదు.

ఈ కథ నేను పదేళ్లుగా చెబుతున్నాను. కొత్త నర్సులకు, శిక్షణల్లో, పెళ్లిళ్లలో. బంతిపువ్వు మరక దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వుతారు. తెలంగాణ వచ్చింది. జిల్లాలు విడిపోయాయి. నన్ను సిరిసిల్లకు మార్చారు. మా ఆయన మస్కట్ నుంచి తిరిగి వచ్చి, తన బండి తను తీసుకున్నాడు. నాకు చిన్న స్కూటీ వచ్చింది. దాని మడ్గార్డు ప్లాస్టిక్‌దే. సిరిసిల్ల నుంచి కోరుట్లకు రెండు గంటల దారి. పోవాలి పోవాలి అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. దీనికి నా దగ్గర సాకు లేదు.

ఆ అమ్మాయి చెప్పిన మరుసటి ఆదివారం చందుర్తి మీదుగా బస్సులో పోయాను. చాచా భార్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. చూపు తగ్గింది. గొంతు గుర్తుపట్టి, రా బేటీ అని పక్కన కూర్చోబెట్టుకుంది. చాయ్ వచ్చింది. ఆయన్ని తలుచుకుని సంతోషంగానైనా ఉందామని, శిబిరంలో ఆ రోజు సంగతి ఎత్తాను. రివిట్లు నీ చేతిలో పోసిండు గదమ్మా, మరక చూసి బంతిపువ్వు రంగన్నడు గదా అన్నాను. ఆమె నవ్వలేదు.

తర్వాత జరిగింది చెప్పింది. మర్నాడు ఆ ఫోటో పేపర్లో వచ్చిందట. కోరుట్ల దీక్షలో కూర్చున్నవాళ్లే బంద్ నాడు పని చేస్తున్నారని పక్క ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చాయట. కొందరు వ్యాపారులు, మా దుకాణాలు మూయించి మీరు రేకు కొట్టుకుంటారా అని శిబిరం మీదికి వచ్చారట. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. మళ్లీ రేకు పనివాళ్ల వంతు వచ్చిననాడు చాచా తెల్లవారకముందే స్నానం చేసి, తెల్ల బట్టలు తొడుక్కుని, ఏమీ తినకుండా పోయాడు. పేర్లు చదివారు. ఆయన పేరు లేదు.

ఎవరినీ ఏమీ అడగలేదట. రోడ్డుకు ఇవతల, మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. పొద్దంతా ఉపాసం అక్కడే ఉన్నాడు. సాయంత్రం శిబిరంలోవాళ్లకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశాక, ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వంతుకూ అంతే. ఆ మెట్ల మీదే. రిటైరు సారు ఒకనాడు ఇంటికి వచ్చాడట. చాయ్ తాగి, చాచా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని పోయాడట. రాష్ట్రం వచ్చాక దీక్షలో కూర్చున్నవాళ్లందరికీ శాలువాలు కప్పారు. ఆ జాబితాలోనూ చాచా పేరు లేదు. ఆ రోజు ఆయన కూడా పోయి, జనంలో నిలబడి చప్పట్లు కొట్టి వచ్చాడట.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. నా వల్లనే కదా అని అనబోయాను. ఆఖరికి, "నాకు ఒక్క మాట చెప్పలేదేందమ్మా?" అన్నాను. "నేనచ్చి డాక్టరు సారుతోని చెప్పిస్తుంటి. పిల్లల టీకాలకే జేసిండని కాయితం రాయిస్తుంటి."

"నేను గదే అన్న బేటీ," అంది ఆమె. "నర్సమ్మకు కబురు పంపు, ఆమె అచ్చి మాట్లాడుతది అన్న. ఒద్దన్నడు. ఎందుకు ఒద్దు అంటే, 'ఆమెకు చెప్తే, మల్ల ఇరిగిననాడు నా తానికి రాదు' అన్నడు."

ఆ మంగళవారం తర్వాత ఆ మడ్గార్డు ఇంకో రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ నేను ఆయన దగ్గరికే పోయాను.